మిర్చి ఘాటు మధ్య పని, మండే ముఖం: నాకు సరిపడే ఫేస్‌వాష్ దొరికిన కథ

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు దగ్గర్లో ఒక కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో నేను బిల్లింగ్ పని చేస్తాను. రైతులు, అడ్తిదారులు తెచ్చిన మిర్చి బస్తాలు కాంటా మీదికి ఎక్కుతుంటే లాట్ నంబరు, బస్తాల లెక్క, బరువు కంప్యూటర్‌లో ఎక్కించి రసీదు ఇవ్వాలి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సీజన్. నా బల్లకూ కాంటాకూ మధ్య ఒక్క కిటికీయే అడ్డం, అదీ రసీదులు అందించడానికి ఎప్పుడూ తెరిచే ఉండేది. తేజ రకం దిగిన రోజు ఆ కిటికీలోంచి వచ్చే ఘాటుకు తుమ్ములు ఆగవు. చపాటా దిగిన రోజు కాస్త నయం. దానికి రంగు ఎక్కువ, ఘాటు తక్కువ.

2023 జనవరిలో ఈ పనిలో చేరాను. రెండో రోజో మూడో రోజో, మధ్యాహ్నానికి ముఖమంతా మంట పుట్టింది. వెనక ఉన్న బోరు నల్లా దగ్గరికి పరుగెత్తి, అక్కడున్న సబ్బు ముక్కతో రుద్ది కడుక్కున్నాను. మంట తగ్గలేదు, కంటి కిందికి, మెడ మీదికి పాకింది. అక్కడ రంగు పోయిన తాలు కాయలు ఏరుతున్న ఒక పెద్దవ్వ నన్ను చూసి, "నీళ్లు పొయ్యకు బిడ్డా, ముందుగాల నూనె రాయి" అంది. ముఖానికి నూనె రాస్తే మొటిమలు వస్తాయని నాకు భయం. ఆమె మాట వినలేదు. ఆ మాట నిజమని తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఆ రోజు నుంచి రోజుకు ఐదారుసార్లు ముఖం కడగడం అలవాటైంది. పొద్దున పదకొండు అయ్యేసరికి నుదురు, ముక్కు మెరిసేవి. నాది ఆయిలీ స్కిన్ అని నాకు నేనే తేల్చేసుకున్నాను. జిడ్డు చర్మానికి అని రాసి ఉన్న నల్లటి చార్‌కోల్ ఫేస్‌వాష్ కొన్నాను. కడిగాక చర్మం బిగుసుకుపోయి, నవ్వితే చెంపలు లాగేవి. బాగా శుభ్రమైందని సంతోషపడేదాన్ని. ఆ తర్వాత చల్లగా ఉంటుందని మెంథాల్ కలిసిన ఇంకొకటి, ఆ తర్వాత గరుకు గింజల స్క్రబ్, ఆదివారాలు ముల్తానీ మట్టి, మధ్యలో నిమ్మరసం. ఏది పెట్టినా మొదటి రెండు రోజులు బాగున్నట్టే అనిపించేది. సీజన్ అయిపోయి మిర్చి ఘాటు తగ్గాక కూడా చెంపల మీద ఎరుపు పోలేదు. ముక్కు పక్కల పొట్టు రాలేది. నుదుటి మీద మాత్రం మెరుపు అలాగే ఉండేది. ఒకే ముఖం మీద పొట్టూ జిడ్డూ ఎలా ఉంటాయో నాకు అర్థం కాలేదు.

ఇక్కడ నేను చేసిన పెద్ద తప్పు చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర చాలామంది ఆడపిల్లలు ఇదే దారిలో ఉన్నారు. 2023 నవంబరులో మా చిన్నమ్మ కూతురి పెళ్లి కుదిరింది. ఈ ఎర్ర ముఖంతో ఫొటోల్లో ఎలా నిలబడాలని టెన్షన్. తెలిసిన పార్లర్‌లో అడిగితే ఒక చిన్న ట్యూబ్ పేరు రాసిచ్చారు. మెడికల్ షాపులో చీటీ అడగకుండానే ఇచ్చారు. రాత్రి పూట పలచగా రాసుకోమన్నారు. వారం తిరిగేసరికి ఎరుపు పోయింది, ముఖం అద్దంలా తయారైంది. పెళ్లిలో అందరూ ఏం వాడుతున్నావని అడిగారు. ఇద్దరికి ఆ పేరు నేనే చెప్పాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధ. తర్వాత వాళ్లిద్దరికీ ఫోన్ చేసి ఆపేయమని చెప్పాను.

మూడు నెలలు వాడాను. ఒక్క రాత్రి మానేస్తే తెల్లారేసరికి మంట, దురద. అందుకని మానలేకపోయాను. ఎండలోకి వెళ్తే చెంపలు కాలినట్టుండేవి. గదవ (గడ్డం) మీద చీము మొటిమలు మొదలయ్యాయి. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు పోయినప్పుడు ఆ ఎండ, ఆ దుమ్ము, ఆ జనం మధ్య నా ముఖం మీద చెయ్యి పెట్టలేనంత మంట పుట్టింది. తిరిగొచ్చిన వారంలోనే ఎంజీఎం ఆసుపత్రిలో చర్మ విభాగం ఓపీకి వెళ్లాను.

లైనులో చాలాసేపు నిలబడ్డాను కానీ డాక్టరమ్మ మాట్లాడింది పది నిమిషాలు ఉంటుంది, అందులో ఒక్క మాట కూడా వృథా కాలేదు. నా సంచిలోని సీసాలన్నీ బల్ల మీద పెట్టమంది. ట్యూబ్ తీసి వెనక్కి తిప్పి, చిన్న అక్షరాల్లో ఉన్నది నాతోనే చదివించింది. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మోమెటాసోన్. "ఈ మూడోది స్టెరాయిడ్ అమ్మా. మంటను అణిచిపెడుతుంది, అందుకే నీకు బాగైనట్టు కనిపించింది. లోపల చర్మాన్ని పలచన చేస్తుంది" అంది. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను 2018లోనే ప్రభుత్వం షెడ్యూల్ హెచ్‌లో చేర్చిందట. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. ఆ హెచ్చరిక ట్యూబ్ మీదే అచ్చయి ఉంది. మూడు నెలలు చేతిలో పట్టుకుని కూడా నేను చదవలేదు.

నాది ఏ రకం చర్మం, ఏ ఫేస్‌వాష్ కొనాలి అని అడిగాను. అదే అడగాలని వెళ్లాను కూడా. ఆమె జవాబు నాకు అక్షరం అక్షరం గుర్తుంది: "ఇప్పుడు నీ చర్మానికి రకం లేదమ్మా, గాయం ఉంది. ముందు అది మాననీ. మానినాక రకం అదే చెప్తది."

నేను ఏడాదిగా చేసిన ప్రతి ఖర్చూ ఆ ఒక్క మాటతో అర్థమైంది. మన చర్మం పైపొరలో చచ్చిన కణాలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి. వాటి మధ్య సున్నంలా సెరమైడ్లు అనే ఒక రకం కొవ్వులు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. ఆ సున్నం ఉన్నంతవరకే లోపలి తేమ బయటికి పోదు, బయటి ఘాటు లోపలికి రాదు. నేను కడిగి కడిగి, రుద్ది రుద్ది ఆ సున్నాన్నే ఊడ్చేశాను. లోపల తేమ లేదు, పైన ముక్కు దగ్గర నూనె గ్రంథులు వాటి పని అవి చేస్తూనే ఉన్నాయి. పొట్టూ జిడ్డూ పక్కపక్కనే ఎందుకున్నాయో అప్పుడు తెలిసింది. అలాంటి ముఖాన్ని చూసి ఆయిలీ అనుకుని ఇంకా గట్టి ఫేస్‌వాష్ కొన్నాను.

క్రీము ఎలా మానాలో ఆమె చెప్పినట్టే చేశాను. మధ్యలో మంట తిరగబడుతుందని, భయపడి మళ్లీ రాయొద్దని ముందే హెచ్చరించింది. నిజంగానే తిరగబడింది. మార్చి నెలంతా ముఖం ఎర్రగా ఉబ్బి ఉంది. సీజన్ మధ్యలో సెలవు అడగలేక స్కార్ఫ్ కట్టుకుని పనికి వెళ్లాను. ఎవరైనా ఈ స్థితిలో ఉంటే సొంతంగా మానే ప్రయత్నం చేయొద్దు, చర్మ డాక్టర్ చేతిలో ఉండి మానండి. నాకు వాడిన మందుల పేర్లు ఇక్కడ రాయడం లేదు. అవి నా కేసుకు ఇచ్చినవి.

ముఖం కడగడానికి ఆమె చెప్పింది మాత్రం అందరికీ పనికొస్తుంది. పొద్దున ఒకసారి, పని నుంచి వచ్చాక ఒకసారి, అంతే. సబ్బు వద్దు. నురుగు రాని, వాసన లేని క్లెన్సర్ చిన్న సీసా కొనుక్కో. వేడి నీళ్లు వద్దు. తుడవొద్దు, టవల్ అద్ది వదిలెయ్. తడి ఆరకముందే మాయిశ్చరైజర్. పొద్దున బయటికి వెళ్లే ముందు సన్‌స్క్రీన్.

సబ్బు ఎందుకు వద్దో నేను ఇంటికొచ్చాక కూర్చుని తెలుసుకున్నాను. ఆరోగ్యంగా ఉన్న చర్మం కొద్దిగా పులుపు వైపు ఉంటుంది, పులుపునూ క్షారాన్నీ కొలిచే పీహెచ్ లెక్కలో అది 5 చుట్టుపక్కల. మామూలు సబ్బు పీహెచ్ 9 నుంచి 10. ఈ లెక్కలో ఒక్కో అంకెకు పదింతల తేడా, కాబట్టి ఇది చిన్న దూరం కాదు. ఒకసారి సబ్బు తగిలాక చర్మం తన పులుపును తిరిగి తెచ్చుకోవడానికి గంటలు పడుతుంది. రోజుకు ఆరుసార్లు కడిగేదానికి ఆ వ్యవధి ఎక్కడిది? సబ్బు కాగితం మీద టీఎఫ్ఎం 76 శాతం, గ్రేడ్ 1 అని చూసి మంచి సబ్బే కదా అనుకునేదాన్ని. ఆ అంకె సబ్బులో కొవ్వు పదార్థం ఎంతుందో చెబుతుంది. గ్రేడ్ 1 అయినా సబ్బు సబ్బే, క్షార గుణం పోదు. ఒంటికి పర్వాలేదు, దెబ్బతిన్న ముఖానికి కాదు.

దీనికి మా ఆఫీసు బోరు నీళ్లు తోడయ్యాయి. ఆ నీళ్లతో కందిపప్పు ఉడకదని వంట చేసే అక్క ఎప్పుడూ అంటుంది. బకెట్ అంచున, నల్లా మూతి దగ్గర తెల్లటి పొర కట్టి ఉంటుంది. ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు వాటితో కలిస్తే నురుగు రాదు, కరగని తెల్లటి మడ్డి అవుతుంది. ఎంత కడిగినా ఆ మడ్డి పలచగా చర్మం మీద మిగిలిపోతుంది. నురుగు రావడం లేదని నేను ఇంకాస్త సబ్బు రుద్దేదాన్ని. సబ్బు కాని క్లెన్సర్లు ఈ నీళ్లలో అలా మడ్డి కట్టవు. అయినా నేను ఒక లీటరు సీసాలో ఇంటి నల్లా నీళ్లు తీసుకెళ్లడం మొదలుపెట్టాను. ఒక లీటరు ముఖానికి చాలా ఎక్కువ.

క్లెన్సర్ కొనడానికి హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక మెడికల్ షాపుకు వెళ్లాను. ఈసారి ముందు వైపు బొమ్మ చూడలేదు, వెనక చదివాను. దినుసుల పేర్లు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదానికి వరుసగా రాస్తారు. నా పాత చార్‌కోల్ ఫేస్‌వాష్‌లో నీళ్ల తర్వాత రెండో పేరే సోడియం లారిల్ సల్ఫేట్ అనే గట్టి నురుగు పదార్థం, బొగ్గు పేరు ఎక్కడో చివర్లో ఉంది. కొత్తదాంట్లో నీళ్ల తర్వాత గ్లిసరిన్, ఆ తర్వాత సోడియం కొకాయిల్ ఐసెథియోనేట్, కోకామిడోప్రొపైల్ బీటైన్. చివరి రెండూ కొబ్బరి కొవ్వుల నుంచి చేసే, చర్మాన్ని అంతగా నొప్పించని మురికి తీసే పదార్థాలు. ఫ్రాగ్రెన్స్ అనే మాట లేదు. సీటైల్ ఆల్కహాల్ అని చూసి గాబరా పడి పక్కన పెట్టబోయాను. షాపులో ఉన్న అన్న అది స్పిరిట్ లాంటిది కాదని, మైనంలా మెత్తగా ఉండే కొవ్వు అని చెప్పాడు. అది నిజమే. ఎండబెట్టే ఆల్కహాల్‌ను ఆల్కహాల్ డినాట్ అని రాస్తారు. ఒక్క పేరు చూసి సీసా మంచిదో చెడ్డదో తేల్చలేం, మిగతావాటితో కలిసి ఎలా పనిచేస్తుందన్నది ముఖ్యం. కానీ మొదటి ఐదారు పేర్లు, వాసన ఉందా లేదా, ఈ రెండూ చూస్తే సగం పని అయిపోతుంది.

పెద్ద సీసా మీద తగ్గింపు ఉన్నా చిన్నదే తీసుకున్నాను. చెవి కింద, గదవ మూల దగ్గర మూడు రోజులు రాసి కడిగి చూశాను. ఏమీ కాలేదు. నాలుగో రోజు ముఖానికి వాడాను.

అమ్మకు ఇది అస్సలు నచ్చలేదు. "గిన్ని పైసలు పెట్టి గిది కొన్నవా? నురుగే లేదు గదనే" అంది. చిన్నప్పుడు పండుగ పూట ఆమె నాకు సున్నిపిండితో నలుగు పెట్టేది, ఆ పిండి మళ్లీ మొదలుపెడదామంది. పెసలు, పసుపు, కచ్చూరాల వాసన నాకూ ఇష్టం. ఒంటికి అది ఇప్పటికీ వాడతాను. కానీ ఎంత మెత్తగా పట్టినా పిండి పిండే, రుద్దితేనే పోతుంది. పొట్టు లేచిన చెంప మీద ఆ రుద్దుడు పనికిరాదు. అమ్మతో వాదించలేదు. నా చెంప మీద ఆమె వేలు పెట్టించి, ఎంత వేడిగా ఉందో చూపించాను. ఆ తర్వాత ఆమె ఏమీ అనలేదు. మాయిశ్చరైజర్ అయిపోతే గుర్తు చేసింది కూడా ఆమే.

నురుగు లేకపోవడం నాకూ మొదట్లో వెలితిగానే ఉండేది. కడిగినట్టే అనిపించదు. వారం తర్వాత ఒక కొత్త కొలత పెట్టుకున్నాను. కడిగిన వెంటనే కాదు, అరగంట ఆగి ముఖం ఎలా ఉందో చూడటం. లాగుతోందా, దురదగా ఉందా, లేక ముఖం అనేది ఒకటి ఉన్నట్టు గుర్తే లేదా. ఆ మూడోదే కావాలి. మే నెల మధ్యలో, బయట 44 డిగ్రీల ఎండలో, ఒక సాయంత్రం అన్నం తింటూ ఉండగా పొద్దున్నించీ నా ముఖం నాకు గుర్తు రాలేదని తట్టింది. అమ్మకు చెబుతుంటే కళ్లలో నీళ్లొచ్చాయి.

చర్మం పైపొర మొత్తం కొత్తదవడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. నాకు స్టెరాయిడ్ దెబ్బ కూడా ఉంది కాబట్టి డాక్టరమ్మ మూడు నెలలు ఏమీ మార్చొద్దంది. జులైలో, పొట్టు లేదు, మంట లేదు అనుకున్నాక, రకం తేల్చుకునే పరీక్ష చేశాను. ఆదివారం పొద్దున మెత్తటి క్లెన్సర్‌తో కడిగి, టవల్ అద్ది, మాయిశ్చరైజర్ కూడా రాయకుండా గంటసేపు వదిలేశాను. ఫ్యాన్ కింద కూర్చోలేదు, వంటింట్లోకి వెళ్లలేదు. గంట తర్వాత పలచటి టిష్యూ కాగితం నుదుటికి, ముక్కుకు, గదవకు, రెండు చెంపలకు విడివిడిగా అద్దాను. నుదుటి కాగితం మీద, ముక్కు కాగితం మీద నూనె మచ్చలు. చెంపల కాగితాలు పొడిగా ఉన్నాయి, చెంపలు కొద్దిగా లాగుతున్నాయి కూడా. అన్ని కాగితాలకూ నూనె అంటితే ఆయిలీ, దేనికీ అంటక ముఖమంతా లాగితే డ్రై, నాలాగా సగం సగం అయితే కాంబినేషన్. సెన్సిటివ్ అనేది వీటన్నిటికీ పక్కన ఉండే ఇంకో సంగతి, ఏ రకానికైనా ఉండొచ్చు. ఇదే పరీక్ష ఏడాది ముందు చేసి ఉంటే నా ముఖం అబద్ధం చెప్పి ఉండేది. చర్మం రకం తెలుసుకునే పరీక్షల గురించి చెప్పేవాళ్లు చాలామంది, చర్మం మానాకే చేయాలన్న ఈ షరతు చెప్పరు. నాకు అది చాలా ముఖ్యం అనిపిస్తుంది.

రకం తెలిశాక మళ్లీ ఒక చిన్న పొరపాటు చేశాను. ముక్కు మీద నల్ల చుక్కలకు సాలిసిలిక్ ఆసిడ్ 2 శాతం ఉన్న ఫేస్‌వాష్ మంచిదని డాక్టరమ్మే చెప్పింది. అది నూనెలో కరిగే ఆసిడ్, అందుకే రంధ్రాల్లో పేరుకున్న జిడ్డులోకి దిగి పనిచేస్తుంది. వారానికి రెండుసార్లు అని చెబితే, బాగా పనిచేస్తోందని రోజూ వాడాను. పది రోజుల్లో చెంపలు మళ్లీ పొట్టు లేచాయి. ఆపేసి పాత క్లెన్సర్‌కు వెళ్లి, రెండు వారాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాను. ఇప్పుడు వారానికి రెండు రాత్రులు, నుదురు, ముక్కు, గదవకు మాత్రమే. శనగగింజంత చాలు, అరనిమిషం వేళ్ల చివర్లతో తిప్పి కడిగేస్తాను. చెంపలకు మామూలు క్లెన్సరే. ఒకే ముఖానికి రెండు సీసాలు అంటే ఖర్చు అనిపిస్తుంది కానీ, వారానికి రెండుసార్లకు ఆ చిన్న ట్యూబ్ నాకు చాలా నెలలు వచ్చింది.

ఇక మిర్చి సంగతి. 2025 జనవరిలో సీజన్ మొదలయ్యే ముందే నాకు భయం పట్టుకుంది. మళ్లీ ఓపీకి వెళ్లినప్పుడు డాక్టరమ్మకు నా పని గురించి వివరంగా చెప్పాను. అప్పుడు ఆమె అన్న మాటకు నాకు రెండేళ్ల కిందటి పెద్దవ్వ గుర్తొచ్చింది. మిర్చికి ఘాటు ఇచ్చే పదార్థం పేరు క్యాప్సైసిన్. అది నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. ఉత్త నీళ్లు పోస్తే అది పోదు, పక్కకు పారి ఇంకో చోట అంటుకుంటుంది. పైగా అది మన చర్మంలో వేడిని పసిగట్టే నరాలనే తట్టి లేపుతుంది. అందుకే మంట నిజంగా కాలినట్టే ఉంటుంది, వేడి నీళ్లు తగిలితే ఇంకా రేగుతుంది. నూనె రాస్తే అది నూనెలోకి దిగుతుంది, ఆ నూనెను క్లెన్సర్‌తో తీసేయాలి. పెద్దవ్వ మాటలో ఉన్నది ఇదే. ఆమె ఆ పని చేసిన ఏళ్లలో నేర్చుకున్నది డాక్టరమ్మ నోటి నుంచి వినేదాకా నేను నమ్మలేదు, అందుకు సిగ్గుపడుతున్నాను.

నేను మొదట కొబ్బరినూనె వాడాను. మంట తగ్గింది కానీ రెండు వారాలకు నుదుటి మీద సన్నటి పొక్కులు వచ్చాయి. కొబ్బరినూనె కొందరికి రంధ్రాలు మూసేస్తుంది, నా నుదురు ఎలాగూ జిడ్డుది. డాక్టరమ్మ లిక్విడ్ పారఫిన్ వాడమంది. మెడికల్ షాపుల్లో దొరికే, రంగూ వాసనా లేని నూనె. అది నాకు సరిపోయింది.

ఇప్పుడు సాయంత్రం పని దిగగానే నేను చేసేది ఇది. ముందు ముఖం ముట్టుకోను, చేతులు కడుగుతాను, గోళ్ల సందులతో సహా, సబ్బుతో రెండుసార్లు. ఈ ఒక్క విషయం తెలియక ఎన్నిసార్లు మిర్చి చేతులతోనే ముఖం రుద్దుకున్నానో. తర్వాత పొడి మెత్తటి గుడ్డతో రుద్దకుండా, పైపైన అద్ది దుమ్ము తీస్తాను. అరచేతిలో కొద్దిగా పారఫిన్ వేసుకుని కళ్లకు దూరంగా ముఖమంతా పలచగా రాసి, నిమిషం ఆగి, తడి గుడ్డతో నెమ్మదిగా తీసేస్తాను. ఆ తర్వాతే క్లెన్సర్, ఇంటి నుంచి తెచ్చుకున్న చల్లటి నీళ్లు, వెంటనే మాయిశ్చరైజర్. మొత్తం పది నిమిషాలు. మధ్యాహ్నం మంట అనిపిస్తే కడగను, చల్లటి తడి గుడ్డ కాసేపు పెట్టుకుంటాను.

అయినా ఫిబ్రవరిలో రెండు చెంపల మీదా ఒక ఎర్రటి గీత కనిపించింది, ముక్కు పై నుంచి చెవుల దాకా తిన్నగా. చాలా రోజులు ఫేస్‌వాష్‌నే అనుమానించాను. ఒక రోజు బండి అద్దంలో చూసుకుంటే ఆ గీత సరిగ్గా నా స్కార్ఫ్ అంచు ఉండే చోటే ఉంది. మిర్చి దుమ్ము పట్టిన అదే స్కార్ఫ్‌ను మూడు నాలుగు రోజులు ఉతక్కుండా కడుతున్నాను. ముఖం ఎంత జాగ్రత్తగా కడిగినా, తెల్లారి అదే ఘాటును ముఖానికి చుట్టుకుంటున్నాను. పాత కాటన్ చున్నీ చించి ఐదు ముక్కలు చేసుకున్నాను, రోజుకొకటి. దిండు గలీబు కూడా వారానికి రెండుసార్లు మార్చాను. పది రోజుల్లో గీత మాయమైంది.

ఆ కిటికీ గురించి సేటుతో మాట్లాడటానికి నాకు ధైర్యం రావడానికి ఇంకో నెల పట్టింది. అడిగితే వెంటనే ఒప్పుకున్నాడు. కిటికీకి అద్దం బిగించి, కింద రసీదు పట్టేంత సందు వదిలారు. ముందే అడిగి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది.

నల్లా పక్కన గోడకు ఒక చిన్న మేకు కొట్టించి, దానికి సంచి తగిలించాను. అందులో ఒక పారఫిన్ సీసా, ఉతికిన పాత గుడ్డ ముక్కలు పెట్టాను. తాలు ఏరే ఆడవాళ్లు సాయంత్రం పోయేటప్పుడు చేతులకు, ముఖానికి రాసుకుంటారు. పెద్దవ్వ మొదటిరోజు ఆ సీసా మూత తీసి వాసన చూసి, "నూనెనే గదా బిడ్డా, నేను చెప్పింది గిదే గదా" అంది. అవునవ్వా అన్నాను. సీజన్‌లో ఆ సీసా వారానికే అయిపోతోంది, అందుకని ఇప్పుడు ఒకేసారి రెండు కొంటున్నాను.